ఎండను లెక్కగట్టిన అజ్ఞాతులు

సికింద్రాబాద్ వైద్యచరిత్రలో 1897 ఆగస్టు 20 చిరస్మరణీయమైన రోజు. బేగంపేట ఆసుపత్రిలోని ఒక చిన్న గదిలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఆనాడు దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అవి చెప్పని చిన్న సంగతి ఒకటి రాస్ స్వీయచరిత్రలో ఉన్నది. అప్పటికి రెండేళ్ళుగా ఆయన కోసి పరీక్షిస్తున్న దోమలు వేరే జాతులకు చెందినవి. ఆ ఆగస్టు నడిమి రోజులలో ఒక ఆసుపత్రి సహాయకుడు, గోడమీద తోకభాగాన్ని పైకెత్తి వాలిన ఒక చిన్న దోమను ఆయనకు వేలెత్తి చూపించాడు. ఆ తీరున వాలేది అనాఫిలిస్ దోమ. పరిశోధన మలుపు తిరిగింది అక్కడ. ఆ సహాయకుని పేరు తనకిప్పుడు గుర్తులేదని రాస్ విచారంతో రాసుకొన్నారు.

దోమలచేత కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాన్ పేరు మిగిలింది. కుట్టిన ఒక్కొక్క దోమకు అతనికి ఒక అణా ముట్టింది. దోమను చూపిన చేతి పేరు మిగలలేదు. పద్మారావు నగర్‌లోని మా ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆ భవనం నేటికీ నిలిచి ఉన్నది. గాలి తగిలితే కోసి పరచిన దోమలు ఎగిరిపోతాయని రాస్ పంకా ఆపించి ఉక్కలోనే పనిచేశారు. నుదుటి చెమటకు, చేతుల చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. పరిశోధన అనేది చల్లని గదులలో జరిగే పని అనుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

ఈ వ్యాసం ఆ పేరు తెలియని సహాయకుని వంటి వారిని గురించి. పెరుగుతున్న ఎండలను, తప్పుతున్న వానలను మనుషులు తట్టుకొని బ్రతికే మార్గాలను శోధించే విద్యను ఇప్పుడు వాతావరణ అనుకూలన శాస్త్రం అంటున్నారు. వేడిని తగ్గించడానికి పొగను తగ్గించడం ఒక పని. తగ్గేలోపల ప్రాణాలు నిలుపుకోవడం మరొక పని. అనుకూలనమంటే ఈ రెండవది. అందులో ఆచార్యుల పేర్లు వ్యాసాలమీద కనిపిస్తాయి. ఎండలో నిలబడి కొలతలు తీసేది, ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగేది, మరణాల రిజిస్టర్లు తిరగేసి సంఖ్యలు ఎత్తి రాసేది ఎక్కువగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న పరిశోధక విద్యార్థులు. వారి పనికి మన నేలమీద నూరేళ్ళకు మించిన పూర్వచరిత్ర ఉన్నది.

సంఖ్యల వెనుక గుమాస్తాలు

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఏడాది తిరిగేసరికి 1876–78 నాటి మహాక్షామం వచ్చింది. రాయలసీమలో జనం దానిని ధాత కరువని చెప్పుకొన్నారు. వాన రాకను ముందుగా తెలుసుకోగలిగితే కొన్ని ప్రాణాలైనా దక్కుతాయన్న ఆలోచన ఆ తరువాతనే బలపడింది. 1904లో శాఖాధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో గణితంలో ప్రథముడు. ప్రపంచపు నలుమూలల వాయుపీడనాలకు, ఉష్ణోగ్రతలకు, మన ఋతుపవనాలకు ఉన్న సంబంధాలను గణితంతో పట్టుకోవాలని ఆయన సంకల్పించారు. కంప్యూటర్లు లేని కాలమది. ఆ వేలాది గుణకారాలు, భాగహారాలు చేతితో చేసినవారు భారతీయ గుమాస్తాలు. వారి శ్రమనుంచి పుట్టినదే సదరన్ ఆసిలేషన్ అనే భావన. నేడు వార్తలలో ఎల్ నినో అన్న మాట వినబడినప్పుడల్లా ఆ గుమాస్తాల లెక్కలు మన చెవిలో పడుతున్నట్లే.

హైదరాబాద్ నగరానికి ఇటువంటి పాఠం 1908 సెప్టెంబరు 28న వచ్చింది. మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించినట్లు చెబుతారు. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందుగా గోడలు కట్టించలేదు, లెక్కలు తీయించారు. ఎగువన ఎక్కడ ఎన్ని అంగుళాల వాన పడింది, ఎన్ని చెరువులున్నాయి, వాటిలో ఎన్ని తెగాయి అన్నది చూశారు. నగరానికి ఎగువ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నట్లు ఆయన తన స్మృతులలో రాశారు. ఆ అంకె కోసం గొలుసులు, పుస్తకాలు పట్టుకొని గట్టుగట్టుకూ తిరిగిన సర్వే సిబ్బంది ఎవరో చరిత్రకు పట్టలేదు. ఆ లెక్కలమీద నిలిచినవి 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. నాటికి అనుకూలనమన్న మాట లేదు; పని మాత్రం అదే.

వాల్తేరు నీటి పద్దు

స్వాతంత్ర్యానంతరం ఈ విద్యకు తెలుగు విశ్వవిద్యాలయంలో ఇల్లు దొరికింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్ర శాస్త్రాల బోధన ఆరంభమైంది. అక్కడి వి. పి. సుబ్రహ్మణ్యం అమెరికాకు చెందిన శీతోష్ణస్థితి శాస్త్రవేత్త థార్న్‌త్వైట్ పద్ధతిని భారతదేశానికి అన్వయించారు. 1956లో వెలువడిన ఆయన వ్యాసం విషయం భారతదేశపు నీటి పద్దు. ఇంటి జమాఖర్చు రాసుకొనేవారికి ఈ పద్ధతి సులభంగానే బోధపడుతుంది. వాన జమ, నేల నుంచి ఆవిరయ్యేది, మొక్కలు పీల్చి వదిలేది ఖర్చు, నేలలో నిలిచిన తేమ నిల్వ. ఏ జిల్లాలో ఏ నెలలో ఖర్చు జమను మించుతుందో చూస్తే అక్కడి కరువు స్వభావం తెలుస్తుంది.

చెప్పడానికి సులభమే, నెలల వారీగా ఊరూరి వాన లెక్కలు సేకరించి, తప్పులు ఏరి, పట్టికలు నింపడం తేలిక కాదు. వాల్తేరులో ఈ విద్య తరువాతి తరాలకు సాగింది ఇటువంటి ఓపిక గల విద్యార్థుల వలననే. ఆ దృష్టి తరువాత హైదరాబాదులోనూ వేళ్ళూనుకొన్నది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1985లో సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధనకు క్రీడా సంస్థ వెలిశాయి. 2011లో పంటలను వాతావరణ మార్పులకు తట్టుకొనేలా చేసే జాతీయ పథకం నిక్రా, క్రీడా కేంద్రంగా మొదలైంది. పంట గురించి, నీటి గురించి ఇన్ని దశాబ్దాలుగా లెక్కలున్నాయి. పంట కోసే మనిషి దేహం ఎంత ఎండను భరించగలదన్న లెక్క మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

లెక్కకు రాని మరణాలు

2002 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు దాదాపు వెయ్యి మంది మరణించారు. 2003లో మళ్ళీ వెయ్యికి పైగా. 2015 మే నెలాఖరులో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి ఆ సంఖ్య పదిహేను వందలు దాటింది. ఇవన్నీ వడదెబ్బ అని గుర్తించి రాసిన మరణాలు మాత్రమే. అసలు సంఖ్య ఇంతకంటె పెద్దదని వైద్యులందరూ అంగీకరిస్తారు. కారణం వ్యాధి స్వభావంలోనే ఉన్నది.

వడదెబ్బలో శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, స్పృహ చెదరుతుంది. రోగి ప్రాణంతో ఉండగా జ్వరమానిని పెట్టి చూస్తేనే అది రూఢి అవుతుంది. మరణించిన తరువాత దేహంలో ఇది వడదెబ్బేనని నిశ్చయంగా చెప్పే గుర్తు ఏదీ మిగలదు. పైగా ఎండ చాలామందిని తిన్నగా చంపదు. చర్మానికి రక్తం పంపలేక ముసలి గుండె ఆగిపోతుంది. నీరు తగ్గి మూత్రపిండాలు మొరాయిస్తాయి. అటువంటప్పుడు ధ్రువపత్రంలో గుండెజబ్బు అనో, మూత్రపిండాల వైఫల్యమనో పడుతుంది. ఎండ పేరు ఎక్కడా ఉండదు.

ఈ చిక్కును విప్పిన పద్ధతి అహ్మదాబాద్‌లో జరిగిన అధ్యయనంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2010 మే నెలలో అక్కడ తీవ్రమైన వడగాడ్పులు వీచాయి. పరిశోధకులు ప్రతి మరణానికీ కారణం వెతకలేదు. ఆ నెలలో నగరంలో నమోదైన మొత్తం మరణాలను తీసుకొని, ఇతర సంవత్సరాల మే నెలలతో పోల్చారు. సాధారణంగా సంభవించే వాటికంటె 1,344 మరణాలు ఎక్కువగా తేలాయి, అనగా సుమారు 43 శాతం అధికం. వైద్యశాస్త్రంలో వీటిని అదనపు మరణాలు అంటారు. ఆ అంకె చూసిన తరువాత నగరపాలక సంస్థ ఊరకుండలేకపోయింది. 2013లో దక్షిణాసియాలోనే తొలి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక అక్కడ అమలైంది. ముందస్తు హెచ్చరికలు, చలివేంద్రాలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ అందులోని అంగాలు. దాని వలన 2014, 2015లలో ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పినట్లు తరువాతి అధ్యయనం అంచనా కట్టింది. 2015 విషాదం తరువాత తెలుగు రాష్ట్రాలు కూడా ఆ మార్గంలో నడిచాయి.

జనన మరణ రిజిస్టర్లలోని వేలాది పేర్లను తేదీల వారీగా, వయస్సుల వారీగా వేరుచేయడం ఎవరికీ ఉత్సాహం కలిగించే పని కాదు. ఒక తేదీ తప్పు పడితే ఒక మరణం చల్లని రోజున పడుతుంది. ఆ జాగ్రత్తమీద ఎంత ఆధారపడి ఉన్నదో మన రాష్ట్రంలో ఇటీవలి ఒక నిర్ణయం చెబుతుంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం నిర్ణయించింది. ఉపాధి పనిలో కుప్పకూలిన కూలీ మరణం వడదెబ్బగా నమోదయితే ఆ ఇంటికి సహాయం అందుతుంది. గుండెపోటుగా నమోదయితే అందదు. కాగితంమీద రాసే ఒక్క మాట ఒక కుటుంబం భవిష్యత్తును నిర్ణయిస్తున్నది.

రేకుల కప్పు కింద

వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకం చూపేది. సిమెంటు రేకుల ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలకు పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లి అనుభవించే వేడి అది కాదు. రాత్రి పది దాటినా ఆ ఇల్లు చల్లబడదు. పద్మారావు నగర్ వంటి పాత కాలనీలలో చెట్లనీడన, మందపు గోడల మధ్య నివసించే మాకు, మా ఇళ్ళలో పనికి వచ్చి సాయంత్రం రేకుల ఇళ్ళకు తిరిగి వెళ్ళే వారికి ఒకే ఉష్ణోగ్రత వార్త వినిపిస్తుంది. వాతావరణం మాత్రం ఒకటి కాదు.

2017లో హైదరాబాద్‌లోని ఒక బస్తీలో ఇళ్ళ కప్పులపై వేడిని తిప్పికొట్టే తెల్లని పొర పరచి చూశారు. నగరపాలక సంస్థతో పాటు ఆస్కీ, ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు ఇందులో పాల్గొన్నాయి. పొర ఉన్న ఇళ్ళలో, లేని ఇళ్ళలో ఉష్ణోగ్రతలు కొలవగా సగటున రెండు డిగ్రీల తేడా కనబడింది. రెండు డిగ్రీలేనా అని తేలికగా తీసుకోరాదు. నిద్ర పట్టడానికి, పట్టకపోవడానికి మధ్య ఉన్న దూరం ఒక్కొక్కప్పుడు అంతే. అటువంటి కొలతల ఆధారంగానే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని కప్పుల విధానం వెలువడింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది దాని లక్ష్యం.

ఆరుబయట పనిచేసేవారి కోసం మరొక కొలత ఉన్నది. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాలలో వడదెబ్బలను నివారించడానికి దానిని రూపొందించారు. మూడు ఉష్ణమాపకాలు ఉంటాయి. ఒకటి మామూలుది. రెండవది నల్లని రాగిగోళం లోపల ఉండి సూర్యకిరణాల తాపాన్ని పట్టుకొంటుంది. మూడవదాని కొనకు తడిబట్ట చుట్టి ఉంటుంది. గాలిలో తేమ తక్కువైతే తడి ఆవిరై అది చల్లబడుతుంది, తేమ ఎక్కువైతే చల్లబడదు. మన చెమట స్థితి కూడా సరిగ్గా అదే. అందుచేత మొత్తం లెక్కలో తడి ఉష్ణమాపకానికి 70 శాతం, గోళానికి 20 శాతం, మామూలుదానికి 10 శాతం విలువ ఇస్తారు. కోస్తాలో 38 డిగ్రీలు రామగుండంలోని 43 డిగ్రీల వలె ఎందుకు పీడిస్తాయో ఈ పరికరం చెబుతుంది. దానిని ముక్కాలిపీటపై నిలిపి, తడిబట్ట ఆరిపోకుండా చూస్తూ, గంటగంటకూ అంకెలు రాసేవారు పరిశోధక విద్యార్థులే.

వేడి చేసిందంటే అర్థమేమి?

పరికరం చెప్పలేనిది మనిషిని అడగాలి. ఇక్కడ మన విద్యార్థి పాండిత్యానికి అసలు పరీక్ష వస్తుంది. ప్రశ్నావళి ఇంగ్లీషులో తయారవుతుంది. వేడి వలన ఇబ్బంది కలిగిందా అని దానిని తెనిగించి అడిగితే, మన పల్లెలో అమ్మ "వేడి చేసింది నాయనా" అంటుంది. మామిడిపండ్లు ఎక్కువ తిన్నా, రాత్రి నిద్ర లేకపోయినా, మూత్రం మంటగా వచ్చినా మనకు వేడి చేస్తుంది. ఆమె చెబుతున్నది ఒంటి తత్త్వం గురించి. ఆకాశంలోని ఎండ గురించి చెప్పదలిస్తే "వడ కొట్టింది" అంటుంది. ఈ భేదం తెలియని చేయి రెండింటినీ ఒకే గడిలో రాస్తుంది.

దీనికంటె ప్రమాదకరమైన పొరపాటు మరొకటి. మీరు స్పృహ కోల్పోయారా అన్న ప్రశ్నకు తెలంగాణ పల్లెలో చాలామంది అర్థం కాక లేదనే అంటారు. "సోయి తప్పిందా" అని అడిగితే జరిగినదంతా చెబుతారు. సామాన్యమైన అలసటకు, ప్రాణాంతకమైన వడదెబ్బకు మధ్య గీత గీసే లక్షణం అదే. ఒక్క మాటతో ఆ గీత చెరిగిపోవచ్చు, నిలవనూ వచ్చు.

మహిళల విషయంలో ఈ సూక్ష్మత మరింత అవసరం. చెన్నైలోని శ్రీ రామచంద్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య విద్యా వేణుగోపాల్ బృందం తమిళనాడు శ్రామికులపై చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నది. 800 మంది గర్భిణులను పరిశీలించి 2024లో ప్రకటించిన అధ్యయనంలో, అధిక వేడిలో పనిచేసేవారికి గర్భస్రావపు ముప్పు సుమారు రెట్టింపని తేలింది. పనిచోట మరుగుదొడ్డి లేనందున స్త్రీలు కావాలనే నీళ్ళు తక్కువ తాగుతారు. నీళ్ళు తాగండి అని గోడమీద రాసినంతమాత్రాన ఈ సమస్య తీరదు. నీటికుండ పక్కన మరుగుదొడ్డి కూడా కట్టాలన్నది చెట్టుకింద పక్కన కూర్చొని మెల్లగా అడిగిన ఒక అమ్మాయి పుస్తకంలోకి ఎక్కితేనే, అది ప్రభుత్వ నివేదికలోకి ఎక్కుతుంది.

కొలిచేవారి క్షేమం

2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలుగా కేంద్రం నిర్ణయించింది. ఆ ఫెలోషిప్ దక్కనివారు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే పని ఉండే సహాయకులు అంతకంటె తక్కువతో నెట్టుకొస్తారు. డబ్బు నెలల తరబడి ఆలస్యమైతే ఇంటి అద్దె ఆగదు. ఎండలో కూలీల ఆరోగ్యం కొలవడానికి వెళ్ళిన విద్యార్థి కూడా ఆ ఎండలోనే నిలబడుతున్నాడని, కూలీకి ఉన్న అలవాటు అయినా అతనికి లేదని సంస్థలు గుర్తించవలసి ఉన్నది.

ఈ పనికి వెళ్ళే యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు, వారిని పంపే ఆచార్యులకు వైద్యునిగా నాలుగు మాటలు.

మొదటి రోజే పూర్తి సమయం ఎండలో ఉండవద్దు. శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. రోజురోజుకూ కొంచెం చొప్పున సమయం పెంచాలి.

దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీరు తాగుతూ ఉండాలి. చెమట ఎక్కువైతే లీటరు నీటిలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, లేదా ఉప్పు వేసిన మజ్జిగ మేలు. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు, మూత్రం ఎక్కువ వచ్చే మందులు వాడేవారు తమ వైద్యుని సలహా తీసుకోవాలి.

ఒంటరిగా వెళ్ళవద్దు. మాట తడబడడం, నడక తూలడం, అర్థం లేని కోపం వడదెబ్బకు తొలి గుర్తులు కావచ్చు. ఇవి తనకు తెలియవు, పక్కవారికే తెలుస్తాయి.

ఎవరైనా సోయి తప్పితే వెంటనే 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా చల్లని నీళ్ళు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. ముందుగా చల్లబరచడం, తరువాత తరలించడం. ప్రాణం నిలిపేది ఈ క్రమమే.

చివరగా పాఠకులకు ఒక మనవి. ఈ వేసవిలో ఎవరో ఒక విద్యార్థి కాగితాలు పట్టుకొని మీ తలుపు తట్టవచ్చు. మీ ఇంట్లో రాత్రి నిద్ర పడుతున్నదా, మీ కప్పు దేనితో వేశారు అని అడగవచ్చు. విసుగుకొనక లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. ముందు ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి. తరువాత అడిగినదానికి నిజం చెప్పండి. వెళ్ళేముందు ఆ పిల్ల పేరేమిటో, ఆ పిల్లవాని పేరేమిటో అడిగి తెలుసుకోండి.